త త త ట: ఆటిజం ఉన్న బాబుకి చెల్లెలు, 8 నెలల పాప కేసు

ఈ కేసు రాయడానికి ఆ కుటుంబం ఒప్పుకుంది. వాళ్లని ఎవరూ గుర్తుపట్టకూడదని ఊరి పేరు, తండ్రి చేసే పని, తేదీలు తీసేశాను. ఒకటి రెండు చిన్న వివరాలు మార్చాను. నేను ఆడియాలజిస్టుని, అంటే వినికిడి పరీక్షలు చేస్తాను. స్పీచ్ థెరపీ కూడా చేస్తాను. వారంలో కొన్ని రోజులు ఒడిశాలోని గజపతి జిల్లాలో, పర్లాకిమిడి చుట్టుపక్కల, మిగతా రోజులు ఆంధ్రా వైపు నా పని. ఇక్కడ ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. కొండ దిగి వచ్చే గిరిజనులకి సవర భాష. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి గీత పడింది గానీ, గీతకి ఇటూ అటూ వంటిళ్లలో మాట మారలేదు. ఈ కేసులో ఆ సంగతే ముఖ్యమైందని తేలడానికి నాకు నెల పైన పట్టింది.

నేపథ్యం

పాపకి అప్పుడు 8 నెలల 10 రోజులు. నెలలు నిండి పుట్టింది, పుట్టగానే ఏడ్చింది, ఆసుపత్రిలో చేసిన చెవి పరీక్ష పాసయింది. మెడ నిలబెట్టడం, బోర్లా పడటం, కూర్చోవడం అన్నీ వేళకే వచ్చాయి.

పాపకి ఒక అన్న. నాలుగేళ్లు దాటాయి. మూడేళ్లప్పుడు ఆటిజం అని నిర్ధారించారు, అంటే నలుగురితో కలవడం, మాట వేరే తీరులో ఎదిగే స్థితి. మాటలు ఇంకా రాలేదు. అన్నకి వేరే ఊళ్లో ఒక సెంటర్లో థెరపీ నడుస్తోంది. అక్కడ వాళ్లకి అందిన సలహాల్లో ఒకటి: పిల్లాడు బడిలో చదవబోయేది ఒడియా కాబట్టి ఇంట్లో కూడా ఒక్క ఒడియాలోనే మాట్లాడండి, రెండు భాషలైతే తికమకపడతాడు. తల్లి ఇంటర్ చదివింది, ఒడియా అర్థమవుతుంది, మాట్లాడగలదు. ఇంట్లో ఉండే నాయనమ్మకి మాత్రం ఒడియా అంటే బజారులో బేరమాడేంతే.

పై పేరా నా కేసు షీట్లో మొదటి రోజే రాసుకున్నాను. రాసుకుని పేజీ తిప్పేశాను.

తీసుకొచ్చిన సమస్య

"పిలిస్తే చూడదు మేడమ్. వాడూ ఇలాగే ఉండేవాడు. వాడూ ఫ్యానే చూసేవాడు, ఇదీ ఫ్యానే చూస్తోంది." తల్లి ఇంకేమీ చెప్పలేదు. మిగతాది తండ్రి చెప్పారు. ఆయన చేతిలో ఒక ఈఈజీ రిపోర్టు (తల మీద సెన్సర్లు పెట్టి మెదడు విద్యుత్ సంకేతాల్ని గీతలుగా తీసే పరీక్ష), ఫోన్లో ఒక వార్త. పసిపిల్లలకి మాటల శబ్దాలు వినిపించి, మెదడు ఎలా స్పందిస్తోందో కొలిచి, ఆటిజం ఏడాది లోపే పసిగడుతున్నారన్నది ఆ వార్త. అది చదివి ఆయన నగరానికి వెళ్లి ఒక ల్యాబులో పాపకి ఈఈజీ తీయించారు. రిపోర్టు నార్మల్. మెదడు బాగుంది, దిగులు పడకండి అన్నారట అక్కడ. తండ్రి నమ్మారు, తల్లి నమ్మలేదు. వాళ్ల ప్రశ్న రెండు ముక్కల్లో: ఈ రిపోర్టు నమ్మొచ్చా? ఇది కాకపోతే వార్తలో రాసిన అసలు పరీక్ష ఎక్కడ చేస్తారు?

ఆ పరీక్షకి ఎందుకు పంపలేదు

ఆ తండ్రి అడిగింది న్యాయమైన ప్రశ్న. అందుకే ఆ రోజు ముప్పావుగంట దాని మీదే కూర్చున్నాం. ఆయనకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మామూలుగా ఆసుపత్రిలో తీసే ఈఈజీ మెదడు లయ చూస్తుంది. మూర్ఛ జాడలున్నాయా, నిద్రకి తగ్గ అలలున్నాయా అని చూస్తుంది. పాప మాటని ఎలా అందుకుంటోందన్న ప్రశ్న దాన్ని ఎవరూ అడగలేదు, అది జవాబూ చెప్పలేదు. కాబట్టి ఆ రిపోర్టు తప్పు కాదు. అది వేరే ప్రశ్నకి జవాబు.

వార్తలో ఉన్నది ఇంకో పద్ధతి. పిల్ల తల్లి ఒళ్లో కూర్చుంటుంది, తలకి సెన్సర్ల వల. స్పీకర్లో ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తుంది: త, త, త, త. మధ్యలో హఠాత్తుగా ట. మళ్లీ త, త, త. ఒకే శబ్దానికి అలవాటుపడిన మెదడు మారిన శబ్దం దగ్గర ఉలిక్కిపడుతుంది. పిల్ల ఆవులిస్తూ ఉన్నా, అటు చూడకపోయినా, ఆ ఉలికిపాటు విద్యుత్ సంకేతంగా కనబడుతుంది. ఫిన్లాండ్ శాస్త్రవేత్త రిస్టో నాటానెన్ బృందం 1978లో పెద్దవాళ్లలో దీన్ని గుర్తించి మిస్‌మ్యాచ్ నెగటివిటీ అని పేరు పెట్టింది. పసిపిల్లల్లో దాని ఆకారం వేరుగా ఉంటుంది గానీ సూత్రం అదే.

త, ట ఉదాహరణ ఊరికే తీసుకోలేదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు ఇంగ్లీషు ఇళ్లలో పిల్లలకి హిందీలోని ఈ త-ట తేడా వినిపించారు. 6–8 నెలల పిల్లలు ఇట్టే పట్టుకున్నారు. 10–12 నెలలకి వచ్చేసరికి ఎక్కువమంది పట్టుకోలేకపోయారు. ఇంట్లో వినబడని తేడాని చెవి వదిలేస్తుంది, వినబడేదాన్ని పదును పెట్టుకుంటుంది. అది మొదటి ఏడాదిలోనే జరిగిపోతుంది. మన ఇళ్లలో పిల్లలకి తాత వేరు, టాటా వేరు అని పుట్టిన దగ్గర్నుంచీ వినబడుతూనే ఉంటుంది కాబట్టి ఆ తేడా నిలిచిపోతుంది.

ఇక ఆటిజం ఉన్న పిల్లల తమ్ముళ్ల, చెల్లెళ్ల సంగతి. బోస్టన్‌లో ఒక బృందం ఇలాంటి పసిపిల్లలకి 6, 9, 12 నెలల్లో మాటల శబ్దాలు వినిపించి 2013లో ఫలితాలు ప్రచురించింది. మామూలు ఇళ్ల పిల్లల్లో, ఏడాది గడిచేకొద్దీ, సొంత భాష శబ్దాలకి మెదడు స్పందన ఒక పక్కకి మొగ్గు చూపడం మొదలైంది. ఆటిజం ఉన్న పిల్లల తోబుట్టువుల్లో ఆ మొగ్గు కనబడలేదు. తండ్రి అప్పటికే కుర్చీలో ముందుకి జరిగారు. "అయితే తెలిసిపోతుంది కదండీ" అన్నారు. అక్కడే ఆగాలి. ఆ తోబుట్టువుల్లో తరవాత ఆటిజం వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లున్నారు. మొగ్గు ఇద్దరిలోనూ లేదు. అంటే అది ఆ ఇళ్లలో నడిచే ఒక లక్షణమే గానీ, ఏ పిల్లకి వస్తుందో చెప్పే గుర్తు కాదు.

ఇంకో చిక్కు. ఒక శబ్దానికి వచ్చే స్పందన కొన్ని మైక్రోవోల్టులే, వెనక మెదడు సొంత హోరు దానికి ఎన్నో రెట్లు. వందల సార్లు వినిపించి సగటు తీస్తేనే ఆ స్పందన తేలుతుంది. పిల్ల ఏడిస్తే, కదిలితే ఆ భాగం తీసి పారేయాలి. ఆ తరవాత ఇంతమంది పిల్లల సగటుని అంతమంది సగటుతో పోలుస్తారు. ఒక్క పాప గీతని పట్టుకుని ఆమె భవిష్యత్తు చదవడానికి ఆ పరీక్ష కట్టలేదు. పరిశోధనకి అది బంగారం, నా బల్ల ముందు కూర్చున్న తల్లికి మాత్రం జవాబు ఇవ్వదు.

కాబట్టి పంపలేదు. దానితో పాటు ఒక అంకె చెప్పాలా వద్దా అన్నది ఆ రోజు నాకు బరువైన నిర్ణయం. ఆటిజం ఉన్న బిడ్డ తరవాత పుట్టినవాళ్లలో అది ఎంతమందికి వస్తుందో, అనేక దేశాల కుటుంబాల్ని చిన్నప్పటి నుంచీ గమనించిన పెద్ద అధ్యయనం ఒకటి 2024లో వచ్చింది. 20.2 శాతం. అయిదుగురిలో ఒకరు. ఆడపిల్లల్లో తక్కువ, 13 శాతం దగ్గర. చెప్పకపోతే వాళ్లు ఫోన్లో ఇంకా భయంకరమైనది చదువుతారని చెప్పాను. "ఆడపిల్లలకి రాదన్నారు" అంది తల్లి. వస్తుంది, తక్కువగా వస్తుంది అన్నాను. ఆమె తలూపింది. ఏడవలేదు. ఆ రోజు ఆమెకి కావలసింది ధైర్యం కాదు, ఎవరో ఒకరు సూటిగా మాట్లాడటం అని నాకనిపించింది.

ముందు చెవి

ఏ స్పందన గురించైనా మాట్లాడే ముందు శబ్దం లోపలికి వెళ్తోందా అని చూడాలి. పుట్టినప్పుడు పాసయిన చెవి ఎనిమిది నెలలకి పాసై ఉండాలని లేదు. లోపలి చెవి శబ్దానికి స్పందిస్తోందా అని చూసే ఓఏఈ పరీక్ష రెండు చెవుల్లోనూ ఈసారి పాస్ కాలేదు. కర్ణభేరి కదలికని చూపే టింపనోగ్రామ్ గీత రెండు వైపులా బల్లపరుపుగా వచ్చింది, అంటే కర్ణభేరి వెనక నీరు. నిద్రపుచ్చి, శబ్దానికి వినికిడి నరం ఎలా పలుకుతోందో కొలిచే బేరా పరీక్ష తీస్తే, స్పందన 40 డెసిబెల్స్ దగ్గర మొదలైంది. గుసగుస వినబడదు. పక్క గదిలోంచి పిలుపు పొగమంచులోంచి వచ్చినట్టు ఉంటుంది.

తండ్రి ముఖం వెలిగింది. "చెవిదేనన్నమాట. అయితే అది కాదు." రెండూ ఉండొచ్చు అని చెప్పాల్సి వచ్చింది. చెప్పడం కష్టమైంది. కానీ ఇప్పుడు చెప్పకపోతే మూడు నెలల తరవాత అదే మాట దెబ్బలా తగులుతుంది.

ఈఎన్‌టీ డాక్టరు మూడు నెలలు ఆగి చూద్దామన్నారు. ఈ నీరు చాలామంది పిల్లల్లో దానంతటదే తగ్గుతుంది. పడుకోబెట్టి సీసా పట్టడం మానమన్నాం. ఆ మూడు నెలలూ ఊరికే కూర్చోవడానికి లేదు. మొదటి ఏడాదిలో శబ్దాల తేడాలు స్థిరపడేది సరిగ్గా ఈ నెలల్లోనే. కాబట్టి మాట దగ్గర్నుంచి, చేయి చాపితే అందేంత దూరంలోంచి, ముఖానికి ఎదురుగా వెళ్లాలి. మాట్లాడేటప్పుడు టీవీ, మిక్సీ ఆపాలి. ఇంతవరకూ నేను చేసింది సరిగ్గానే ఉంది.

విఫలమైంది

తరవాత చేసింది సరిగ్గా లేదు. నా దగ్గర ఒక అచ్చు కాగితం ఉండేది. ఏళ్లుగా అందరికీ అదే ఇచ్చేదాన్ని. పిల్లతో రోజంతా మాట్లాడుతూ ఉండండి, ప్రతి వస్తువు పేరూ చెప్పండి, చేసే ప్రతి పనీ చెప్పండి. ఆ తల్లికీ అదే ఇచ్చాను. మూడు వారాల తరవాత, ఇంట్లో ఆడుకుంటున్నప్పుడు మూడు నిమిషాల వీడియో తీసి పంపమన్నాను.

వీడియోలో చాప మీద పాప. ఎదురుగా తల్లి, చేతిలో స్టీలు గ్లాసు. "దేఖ, పాణి. పాణి దేఖ. గిలాస్ దేఖ." చూడు, నీళ్లు, గ్లాసు చూడు అని ఒడియాలో. గొంతు ఒకే ఎత్తులో, పాఠం అప్పజెప్పినట్టు. నేను చెప్పినట్టే చేస్తోంది, నేను చెప్పినదానికంటే ఎక్కువ చేస్తోంది. మూడు నిమిషాల్లో 61 మాటలు లెక్కపెట్టాను. రెండు మాటల మధ్య ఖాళీ ఎక్కడా ఒక క్షణానికి మించి లేదు. పాప తల్లి ముఖం వైపు చూసింది రెండుసార్లు. ఒక్క శబ్దమూ చేయలేదు. చేయడానికి సందు లేదు. నిమిషం గడిచేసరికి చూపు ఫ్యాను మీదికి వెళ్లిపోయింది.

వీడియో ఆపేయబోతుంటే చివరి పన్నెండు సెకన్లలో ఒక సంగతి జరిగింది. గుమ్మం దగ్గర నాయనమ్మ. ఫ్రేములో ఆమె కాళ్లు మాత్రమే కనబడుతున్నాయి. పిల్లి వచ్చినట్టుంది. "ఓసోసీ... మళ్లీ వచ్చినావేటే?" అంది పిల్లితో. 'ఓసోసీ' సాగి, ఎక్కి, 'వచ్చినావేటే' దగ్గర దిగింది. పాప ఫ్యాను వదిలి మెడ తిప్పింది. గుమ్మం వైపు. నాయనమ్మ పిల్లి జవాబు కోసం ఆగినట్టు ఒక క్షణం ఆగింది. ఆ ఖాళీలో పాప నోరు తెరిచి "ఆ" అంది.

ఆ పన్నెండు సెకన్లు మళ్లీ మళ్లీ చూశాను. చెవిలో నీరుంది. దూరం ఎనిమిది అడుగులుంటుంది. ఆ మాట తనతో అన్నది కూడా కాదు.

మర్నాడు ఫోన్ చేసి తల్లిని అడిగాను, మామ్మగారు పాపతో ఎందుకు మాట్లాడరు అని. ఫోన్ చేయి మారింది. "నాకు ఒడియా రాదు కదమ్మా. తెలుగులో అంటే గుంటడికి మాటలు రావన్నారు. దీనికీ ఏటవుతుందోనని నోరు కట్టేసుకున్నాను."

ఏడాది పైగా. ఇంట్లో రోజంతా ఉండే మనిషి, పిల్లలతో మాట్లాడటం మానేసి పిల్లితో మాట్లాడుకుంటోంది. తల్లి మాట్లాడుతోంది, కానీ తనకి రాగం తెలియని భాషలో. మొదటి రోజు నేను రాసుకుని తిప్పేసిన పేజీలో ఇదంతా ఉంది.

ఒకే భాష అన్న సలహా వేరేవాళ్లది అని రాసి ఊరుకోవచ్చు. నా ఉద్యోగం మొదటి రోజుల్లో నేనూ అదే సలహా ఇచ్చాను, చాలా ఇళ్లకి ఇచ్చాను. అప్పట్లో అలాగే నేర్పారు. ఆటిజం ఉన్న పిల్లల్లో రెండు భాషల ఇళ్లవాళ్లనీ ఒక భాష ఇళ్లవాళ్లనీ పోల్చి చూసిన అధ్యయనాలు తరవాత వచ్చాయి. రెండు భాషలు వినడం వల్ల మాట ఇంకా వెనకబడినట్టు అవి చూపలేదు. ఆ సలహా వల్ల ఇంట్లో ఏం పోతుందో మాత్రం ఇలాంటి వీడియోలో కనబడుతుంది. పసిపిల్ల మొదట పట్టుకునేది పదాన్ని కాదు, గొంతు నడకని. పుట్టిన నాలుగు రోజుల ఫ్రెంచి పిల్లలు ఫ్రెంచినీ రష్యన్‌నీ వేరుపరుస్తారని 1988లోనే చూపించారు. అర్థంతో పని లేకుండా, నడక వల్లే. ఆ నడక తల్లికి తన భాషలోనే సహజంగా వస్తుంది. ఈ పర్లాకిమిడిలోనే గిడుగు రామమూర్తి పంతులు గారు సవర పిల్లలకి సవరలోనే చదువు చెప్పాలని బడులు పెట్టారు, పుస్తకాలు రాశారు. నూరేళ్ల తరవాత అదే ఊరి దారిలో కూర్చుని నేను తెలుగు తల్లికి తెలుగు మానేయమన్న కాగితం మడిచి ఇచ్చిన రోజులున్నాయి.

ఇంకో పొరపాటు కూడా అప్పుడే తెలిసింది. 'రోజంతా మాట వినిపించండి' అన్నానని, వంట చేసేటప్పుడు పాప ముందు ఫోన్లో పాటలు పెట్టేవారు. నేను అడగలేదు, వాళ్లు చెప్పలేదు. అమెరికా పరిశోధకురాలు ప్యాట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం ఒకటుంది. 9 నెలల అమెరికా పిల్లలకి 12 సార్లు చైనా భాష వినిపించారు. మనిషి ఎదురుగా కూర్చుని మాట్లాడితే ఆ భాష శబ్దాల తేడాని పిల్లలు పట్టుకున్నారు. అదే మనిషి వీడియోలో మాట్లాడితే పట్టుకోలేదు. ఇది నాకు తెలిసిన సంగతే. కాగితంలో రాయలేదు, అంతే.

పనిచేసింది

రెండోసారి పథకం చిన్నది. మాటలు పెంచడం కాదు, తగ్గించడం. తెలుగులో, పాప ఏం చూస్తోందో దాని గురించి, ఒక్క చిన్న మాట. తరవాత మనసులో అయిదు దాకా లెక్క. ఆ లోపు పాప చూసినా, కదిలినా, శబ్దం చేసినా అదే ఆమె జవాబు, దానికి మనం పలకాలి. తండ్రికి ఇది నచ్చలేదు. రేపు బడిలో ఏం చేస్తుందన్నది ఆయన బాధ. బడి నాటికి ఒడియా వీధి నేర్పుతుంది, మీరు రోజూ ఇద్దరు ముగ్గురితో ఒడియాలో మాట్లాడుతూనే ఉంటారు కదా, అది ఆపమనడం లేదు అన్నాను. నెల రోజులు చూద్దామన్నారు.

అసలు పని నాయనమ్మ చేసింది. మీ పిల్లలు చిన్నప్పుడు ఏం ఆడించేవారు అని అడిగితే, పాప అరచెయ్యి తన చేతిలోకి తీసుకుంది. తన మోచేతితో ఆ బుల్లి అరచేతిలో సున్నా చుడుతూ పప్పు రుబ్బింది. మన ఇళ్లలో అందరం ఆడిన ఆటే. పప్పు పెట్టింది, కూర పెట్టింది, నెయ్యి వేసింది, ఒక్కో వేలు మడిచి ఒక్కొక్కరికీ ముద్ద పెట్టింది. ఆ తరవాత రెండు వేళ్లు చేతి మీదుగా నడుచుకుంటూ, నడుచుకుంటూ, చంక దగ్గరికొచ్చి ఆగాయి.

ఆగాయి. ఆ ఆగడమే నాకు కావలసింది. మొదటి రెండుసార్లు పాప తన చేతినే చూస్తోంది. మూడోసారి వేళ్లు ఆగిన చోట తలెత్తి నాయనమ్మ ముఖంలోకి చూసింది. అప్పుడు చక్కిలిగిలి.

నాకు అక్కడ ల్యాబు గుర్తొచ్చింది. త, త, త, ట. ఒకటే రకంగా సాగే మాట, అలవాటుపడిన చెవి, ఇప్పుడేదో మారబోతోందన్న ఎదురుచూపు, తరవాత మార్పు. యంత్రం ఆ ఉలికిపాటుని కొలుస్తుంది. ఆట ఆ ఉలికిపాటుకి ఒక మనిషి ముఖాన్ని జోడిస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి అనడం లేదు. కానీ పాపకి మాట అందే దారి ఎక్కడ తెరుచుకుని ఉందో నాకు ఆ చాప మీద తెలిసింది, దాని మీదే పథకం కట్టాను.

వారానికోసారి మూడు నిమిషాల వీడియో. అది తల్లి పక్కన కూర్చుని చూడటం, తప్పులు వెతకడానికి కాదు, పాప జవాబిచ్చిన క్షణాలు తల్లి చేతే చూపించడానికి. ఈ పద్ధతి నా సొంతం కాదు. గోవాలోనూ రావల్పిండిలోనూ ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులతో ఆరోగ్య కార్యకర్తలు చేసిన ప్రయోగం 2016లో అచ్చయింది. ఆస్ట్రేలియాలో ఏడాది వయసు దగ్గర తొలి లక్షణాలు కనబడిన పసిపిల్లలతో చేసింది 2021లో వచ్చింది. తొలి లక్షణాలున్నవాళ్లలో కూడా, నిర్ధారణ కోసం ఎదురుచూడకుండా తల్లిదండ్రుల ద్వారా పని మొదలుపెడితే, మూడేళ్లకి లక్షణాల తీవ్రత తగ్గిందని రెండోది చూపింది. నిర్ధారణ లేకుండా థెరపీ ఏమిటని అడిగిన బంధువులకి చెప్పడానికి ఆ తల్లికి ఇది పనికొచ్చింది.

11 నెలలకి చెవులు తేటపడ్డాయి. టింపనోగ్రామ్, బేరా రెండూ మామూలు. తల్లి ముఖంలోకి చూడటం వీడియోకి రెండు నుంచి తొమ్మిది పదికి పెరిగింది. 'బబబ', 'తతత' మొదలయ్యాయి. పేరు పిలిస్తే చూడటం మాత్రం రాలేదు. 12 నెలలకి అయిదు పిలుపుల్లో ఒకటి. ఇక్కడ చాలా జాగ్రత్తగా ఆలోచించాల్సి వచ్చింది. ఇన్నాళ్లూ చెవి మీదికి నెట్టిన భాగం ఎంతో, ఇప్పుడు మిగిలింది ఎంతో కనబడింది. ఏడాది నిండినా పేరుకి పలకకపోవడం తోబుట్టువుల్లో గట్టిగా తీసుకోవలసిన గుర్తు. అలాగని పలికినంత మాత్రాన ఏమీ లేదని చెప్పడానికీ లేదు.

పేరు విషయంలో తల్లితో కలిసి వీడియోలు వెనక్కి తిప్పాం. ఈ నాలుగు నెలల్లో పాప పేరు దాదాపు ఎప్పుడూ పరీక్షగానే వాడారు. పిలవడం, చూసిందా లేదా అని చూడటం, మళ్లీ పిలవడం. పేరు తరవాత ఏదీ రాదు. అది 'త, త, త' లాగే అయిపోయింది, ట లేకుండా. రెండు వారాలు పేరు పెట్టి పిలవడం మానేయమన్నాను. తరవాత దగ్గరికెళ్లి, భుజం తాకి, పేరు పలికి, వెంటనే ఆట. రోజుకి పదిసార్లకి మించొద్దన్నాను. 14 నెలలకి అయిదులో మూడు. నాయనమ్మ "ఓలమ్మీ" అంటే అయిదులో అయిదు. ఆ పిలుపునే నా షీట్లో పేరుగా రాసుకున్నాను.

తరవాత

18 నెలలకి, ఆటిజం అనుమానం ఉందా అని తల్లిదండ్రుల్ని అడిగే ఎం-చాట్ ప్రశ్నావళి ఆందోళన చూపింది. వేలు పెట్టి చూపించడం అరుదు, తనకి నచ్చినదాన్ని తెచ్చి చూపించడం లేదు. 26 నెలలకి నగరంలో ఒక బృందం పూర్తిగా పరీక్షించి ఆటిజం అని నిర్ధారించింది.

ఆ సాయంత్రం తల్లి ఫోన్ చేసింది. "అప్పుడే ఆ పరీక్ష చేయించి ఉంటే ముందే తెలిసేది కదా మేడమ్." నేను వెంటనే జవాబివ్వలేదు. ఆలోచించి చెప్పాను: ఆ పరీక్ష ఈ జవాబు ఇచ్చేది కాదు. ఇచ్చిందే అనుకుందాం, ఎనిమిది నెలలప్పుడే ఇచ్చిందనుకుందాం. ఆ మర్నాడు మనం ఏం చేసేవాళ్లం? చెవి చూసేవాళ్లం. నాయనమ్మ నోటికి కట్టిన గుడ్డ విప్పేవాళ్లం. చాప మీద పప్పు రుబ్బేవాళ్లం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరవాత వికలాంగుల సర్టిఫికెట్ ఎలా తీసుకోవాలో అడిగింది. 2016 చట్టంలో ఆటిజం ఉందని, కాగితాలేం కావాలో చెప్పాను.

మా పని వల్ల ఏది మారిందో, ఏది దానంతటదే మారేదో ఒక్క పాపని చూసి నేను చెప్పలేను, చెప్పకూడదు. కనబడింది మాత్రం రాస్తాను. మూడేళ్లకి పాప రెండు మూడు మాటలు కలిపి తెలుగులో అడుగుతుంది, వీధి పిల్లల దగ్గర నేర్చిన ఒడియా మాటలు పదీ పన్నెండు. కొత్తవాళ్ల దగ్గర ముడుచుకుంటుంది, మిక్సీ శబ్దానికి చెవులు మూసుకుంటుంది. అన్న విషయం మేం ఎవరం అనుకోలేదు. చెల్లెలికి ఆట ఆడుతుంటే పక్కన వచ్చి కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒక రోజు వేళ్లు చంక దగ్గర ఆగినప్పుడు, చెల్లెలి కంటే ముందే "వ..చ్చె" అన్నాడు. ఇప్పుడు అతని థెరపీ కూడా తెలుగులోకి మార్చాం. నా అచ్చు కాగితం చించేసి మళ్లీ రాశాను. మొదటి ప్రశ్న ఇప్పుడు ఇది: ఈ ఇంట్లో పిల్లతో మాట్లాడటం మానేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

జూన్‌లో పాప అంగన్‌వాడీకి వెళ్తుంది. అక్కడ అమ్మగారికి తెలుగు కొద్దిగా వచ్చు. ఒక అట్ట మీద ఒడియాలో, తెలుగులో రాసి ఇస్తున్నాం: దూరం నుంచి పిలవొద్దు, భుజం తాకి పిలవండి, అయిదు లెక్కపెట్టండి. అట్ట అడుగున కొంచెం చోటు మిగిలింది. అందులో పప్పు ఆట ఎలా ఆడాలో రాయమంది నాయనమ్మ. ఎక్కడ ఆగాలో తప్పకుండా రాయమంది.